పాత కంప్యూటరుకు క్రొత్త వడి

ఒకప్పుడు పంచాయతీ కార్యాలయమనగా ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఇనుప బీరువా, అందులో కట్టలు కట్టిన రిజిస్టర్లు. నేడు ఆ బల్లపై కంప్యూటరు కూడ చేరినది. 2020వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినమునాడు, కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామ స్వరాజ్ అను ఏర్పాటును ప్రారంభించిన పిమ్మట పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు, చెల్లింపులు కంప్యూటరు మూలముననే నడచుట అలవాటైనది. ఇంటిపన్ను రసీదు మొదలు మరణ ధ్రువపత్రము వరకు ఆ యంత్రము ముందు కూర్చుండియే సిద్ధము చేయవలసియున్నది. కావున కంప్యూటరు మందగించినచో ఊరి పని మందగించినట్లే.

ఇటీవల మేమొక గ్రామ పంచాయతీ కార్యాలయమునకు వెళ్లితిమి. ఉదయము పది గంటలు దాటినది. వరండాలో ఒక వృద్ధురాలు కూర్చుండియున్నది. ఆమె భర్త గతించి మూడు మాసములైనదట. వితంతు పింఛనుకు మరణ ధ్రువపత్రము కావలెను. అందులకై ఆమె రెండుసార్లు వచ్చి పోయినది, అది మూడవసారి. లోపల కార్యదర్శి కంప్యూటరు ముందు చేతులు కట్టుకొని కూర్చుండియుండెను. తెరపై ఒక చిన్న చక్రము తిరుగుచునే యున్నది. మీట నొక్కిన పిమ్మట యంత్రము పనికి సిద్ధమగుటకు పది నిమిషములకు పైగా పట్టుచున్నదనియు, రెండు పుటలు ఒకేసారి తెరచినచో నిలిచిపోవుచున్నదనియు ఆయన చెప్పెను.

ఆనాటి మధ్యాహ్నమే పంచాయతీ సమావేశము. క్రొత్త కంప్యూటరు కొనుటకు సాధారణ నిధి నుండి ధనము మంజూరు చేయుట అజెండాలో నొక అంశము. చర్చ ముగియవచ్చుచుండగా వెనుక బల్లపై కూర్చున్న ఒక పెద్దవయసు సభ్యుడు లేచి, "సర్పంచిగారూ, బండి కదలలేదని ఎద్దులను మార్చుచున్నాము. ఇరుసుకు కందెన ఉన్నదో లేదో ఎవరైన చూచిరా?" అని అడిగెను. కొందరు నవ్విరి. కాని ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు లేకపోయిరి. అంశమును వాయిదా వేసి, మండల కేంద్రము నుండి కంప్యూటరు మెకానిక్కును పిలిపించి పరీక్ష చేయింపవలెనని నిశ్చయించిరి. ఆ పరీక్షలో తేలిన సంగతులు ప్రతి పంచాయతీకిని ఉపయోగపడునవి గనుక ఇచట వివరించుచున్నాము.

యంత్రములోని మూడు ముఖ్య భాగములు

కంప్యూటరు ఎందులకు మందగించునో తెలియవలెనన్న దాని లోపలి ఏర్పాటు కొంత తెలియవలెను. ఇందుకు పంచాయతీ కార్యాలయమునే ఉపమానముగా గ్రహింతము. లెక్కలు వ్రాయు గుమాస్తా యున్నాడు. అతని ముందు బల్ల యున్నది. గదికి ఆవల బీరువా యున్నది. బీరువాలో రిజిస్టర్లన్నియు భద్రముగ నుండును. కావలసిన రిజిస్టరును తెచ్చి బల్లపై పరచుకొని గుమాస్తా పని చేయును.

కంప్యూటరులో ప్రాసెసరు గుమాస్తా వంటిది. ర్యామ్ అను మెమరీ బల్ల వంటిది. హార్డ్ డిస్కు బీరువా వంటిది. డిస్కులో నున్నది విద్యుత్తు పోయినను చెరగదు. మెమరీలో నున్నది విద్యుత్తు పోగానే తుడిచిపెట్టుకొని పోవును. అందువలననే పని మధ్యలో కరెంటు పోయినపుడు భద్రపరచని వ్రాత మరల కనబడదు.

బల్ల చిన్నదైనచో ఏమగును? నాలుగు రిజిస్టర్లు పట్టు చోట ఆరు కావలసినపుడు, గుమాస్తా రెండింటిని మరల బీరువాలో పెట్టి వేరు రెండింటిని తెచ్చుకొనవలెను. మరుక్షణమున పెట్టివచ్చినవే కావలసి వచ్చును. వ్రాయుటకంటె నడచుటకే అతని కాలము చెల్లును. చూచువారికి అతడు సోమరిగా తోచును. నిజమునకు లోపము అతనిది కాదు, బల్లది. కంప్యూటరు కూడ ఇట్లే చేయును. మెమరీ నిండినపుడు అందులోని కొంత భాగమును డిస్కుపైకి తరలించి, అవసరమైనపుడు మరల తెచ్చుకొనును. ఈ రాకపోకలు పెరిగిన కొలది తెరపై చక్రము తిరుగుచుండును.

ఇక బీరువా వరకు గల దూరము చిన్నది కాదు. సాధారణ హార్డ్ డిస్కులో పళ్లెము నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగును. దానిపై ఒక చిన్న ముల్లు అటునిటు కదలుచు కావలసిన సమాచారమును వెదకును. ఒక్కొక్క వెదకులాటకు ఇంచుమించు సెకనులో నూరవ వంతు పట్టును. అనగా చెల్లాచెదురుగ నున్న సమాచారమును అది సెకనుకు నూరు చోట్ల నుండి మాత్రమే ఏరి తేగలదు. మెమరీకి ఇట్టి తిరుగుడు లేదు. దాని వేగము హార్డ్ డిస్కు వేగమునకు ఎన్నో రెట్లు అధికము.

ఈ తిరుగు పళ్లెముల పద్ధతి క్రొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అవతరించిన 1956వ సంవత్సరముననే అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ మొదటి హార్డ్ డిస్కు యంత్రమును వెలువరించినది. అందులో 50 పళ్లెములుండెను, సుమారు 50 లక్షల అక్షరములు మాత్రమే పట్టెడివి. నేటి డిస్కు అరచేతిలో ఇముడును, లక్షల రెట్లు అధికముగ పట్టును. అయినను ముల్లు కదలుట, పళ్లెము తిరుగుట నాటి నుండి మారలేదు. ఎస్.ఎస్.డి. అను నూతన విధమైన డిస్కులో కదలు భాగములే లేవు. అది సెకనుకు వేలకొలది చోట్ల నుండి సమాచారమును తేగలదు. హార్డ్ డిస్కు వరుసగ నున్న సమాచారమును సెకనుకు నూరు, నూటయేబది మెగాబైట్ల వంతున చదువగా, సామాన్యమైన ఎస్.ఎస్.డి. ఐదువందల మెగాబైట్ల వరకు చదువును.

ముందు రోగ నిర్ణయము

వైద్యుడు నాడి చూడక మందు ఇయ్యడు. కంప్యూటరు విషయమునను ఇదియే పద్ధతి. విండోసు గల యంత్రములలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కినచో టాస్క్ మేనేజరు అను పుట తెరచుకొనును. అందులో ప్రాసెసరు, మెమరీ, డిస్కు ఎంతెంత పని చేయుచున్నవో నూటికి ఇంతయని కనబడును. యంత్రము మందగించిన సమయముననే దానిని చూడవలెను.

మెమరీ నూటికి తొంబదికి చేరి అచటనే నిలిచినచో బల్ల చాలలేదని అర్థము. మెమరీలో చోటుండియు డిస్కు మాత్రము నూటికి నూరు చూపుచు చాలసేపు దిగిరాకున్నచో డిస్కు వెనుకబడినదని అర్థము. రెండును కలిసియుండుట సామాన్యము. ఏలయన మెమరీ చాలనపుడు ఆ భారము డిస్కుపై పడును. ఈ రెండును తక్కువగనే యుండి ప్రభుత్వ వెబ్‌సైటు మాత్రము తెరచుకొననిచో లోపము ఇంటర్నెట్టుదో, ఆవలి సర్వరుదో అగును. కంప్యూటరులోనే యున్న ఒక పత్రమును తెరచి చూచిన ఈ భేదము సులువుగ తెలియును. ఆవలి సర్వరు ఆలస్యమునకు మన యంత్రములో ఎంత ధనము పోసినను ఫలితముండదు.

మేము చూచిన కంప్యూటరు 2019లో కొన్నది. అందులో 4 గిగాబైట్ల మెమరీ, తిరుగు పళ్లెముల హార్డ్ డిస్కు ఉన్నవి. కార్యదర్శి ఏ పత్రమును తెరవకమునుపే మెమరీలో సగమునకు పైగా నిండియున్నది. బ్రౌజరులో మూడు పుటలు తెరచునప్పటికి తొంబది దాటినది. డిస్కు నూరు చూపుచు దిగలేదు. ప్రాసెసరు మాత్రము నూటికి ఇరువదియైనను పని చేయుట లేదు. గుమాస్తా ఖాళీగ కూర్చుండియున్నాడు. బల్ల, బీరువా మాత్రమే అతనిని ఆపుచున్నవి. వెనుక బల్లపై నుండి అడిగిన ఆ పెద్దమనిషి ప్రశ్న సరియైనదేనని అందరికి తెలిసినది.

మెమరీ పెంచుట

మెమరీ ఒక చిన్న పలక రూపమున నుండి మదరుబోర్డులోని గాడిలో అమరును. చాల బల్ల కంప్యూటర్లలో ఇట్టి గాడులు రెండుగాని నాలుగుగాని యుండును. ఒకటి ఖాళీగ నున్నచో మరియొక పలకను చేర్చవచ్చును. కార్యాలయపు పనికి మొత్తము 8 గిగాబైట్లు చాలును. ఒకే పరిమాణము గల పలకలు రెండు జతగా నున్నచో వేగము మరికొంత హెచ్చును.

అయితే ప్రతి పలకయు ప్రతి యంత్రమునకు సరిపడదు. 2007 నుండి డి.డి.ఆర్.3 అను రకము, 2014 నుండి డి.డి.ఆర్.4 అను రకము వాడుకలోనికి వచ్చినవి. వీని అంచున నుండు నొక్కు వేర్వేరు చోట్ల నుండును గనుక ఒకదానిని మరియొకదాని గాడిలో అమర్చుట సాధ్యము కాదు. బలవంతముగ నొక్కినచో గాడి విరుగును. ల్యాప్‌టాపులకు వాడు పలకలు పొట్టివి. కొన్ని ల్యాప్‌టాపులలో మెమరీని బోర్డుకే అతికించి యుంచెదరు, అట్టివానిలో పెంచుటకు వీలు లేదు. కావున కొనుటకు మునుపు పాత పలకను తీసి దుకాణదారునకు చూపుట మేలు. విండోసు 32 బిట్ల రకమైనచో 4 గిగాబైట్లకు మించిన మెమరీని వాడుకొనజాలదని కూడ గుర్తుంచుకొనవలెను. అట్టి యంత్రమునకు 64 బిట్ల రకమును స్థాపించిననే పెంచిన మెమరీ ఫలించును.

పలకను అమర్చునపుడు విద్యుత్తు తీగను పూర్తిగ తీసివేసి, ఇనుప పెట్టెను చేతితో ఒకసారి తాకవలెను. మన శరీరములో నిలిచిన స్వల్ప విద్యుత్తు కూడ మెమరీని పాడుచేయగలదు. పలకను అంచులతో పట్టవలెనేగాని పసుపు రంగు కొసలను ముట్టరాదు. రెండు ప్రక్కల కొక్కెములు పడు వరకు సమముగ నొక్కవలెను.

ధరల విషయమున ఒక హెచ్చరిక. 2025వ సంవత్సరము చివరి భాగము నుండి మెమరీ ధరలు లోకమంతటను మిక్కిలి హెచ్చినవి. కావున పాత బిల్లులను చూచి అంచనా వేయక, మూడు దుకాణముల నుండి ఆనాటి ధరలను వ్రాతమూలకముగ తెప్పించుకొనవలెను.

బీరువాను మార్చుట

మెమరీతోపాటు హార్డ్ డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. అమర్చినచో మార్పు కంటికి స్పష్టముగ కనబడును. పంచాయతీ పనికి 250 గిగాబైట్ల ప్రమాణము గలది చాలును. రెండింటిలో ఒకదానికే ధనమున్నచో టాస్క్ మేనేజరు చెప్పినట్లు చేయవలెను. మెమరీ 8 గిగాబైట్లు ముందే యున్నచో ఎస్.ఎస్.డి. చాలును. మెమరీ 4 మాత్రమే యున్నచో రెండును కావలెను.

పాత హార్డ్ డిస్కును వెంటనే పారవేయరాదు. మెకానిక్కుకు ఇచ్చివేయనురాదు. దానిని ఏ మార్పు చేయక, తేదీ వ్రాసిన చీటి అతికించి, కొన్ని మాసములు బీరువాలో తాళము వేసి యుంచవలెను. మరచిపోయిన పత్రమేదైన యున్నచో దానిలో దొరకును.

శుభ్రముగ తిరిగి స్థాపించుట

చాల ఏండ్లు వాడిన కంప్యూటరు నిండ పాత సామాను పేరుకొనియుండును. ఎవరో ఒకనాటి అవసరమునకు చేర్చిన సాఫ్టువేరు, యంత్రము తెరువగనే తమంత తాము మేల్కొను పది కార్యక్రమములు, ఒకదానితో నొకటి పోరాడు రెండు యాంటీవైరసులు, పెన్ డ్రైవు వెంట వచ్చిన వైరసు ఇట్టివి. ఒక్కొక్కదానిని వెదకి తీయుటకంటె, విండోసును పూర్తిగ తొలగించి క్రొత్తగ స్థాపించుట మేలు. దీనినే ఫార్మాటు చేయుట యని వాడుకలో అందురు. కళ్లము అలికి క్రొత్త పంట పోసినట్లుండును.

కాని కళ్లము అలుకుటకు ముందు ధాన్యము ఇల్లు చేరవలెను గదా! ఈ సంగతి మరచిన మరియొక గ్రామపు అనుభవము మాకు తెలియును. అచట కంప్యూటరు మందగించగా మెకానిక్కు వచ్చి గంటలో ఫార్మాటు చేసి వెళ్లెను. యంత్రము వడిగ నడచినది. మరునాడు చూడగా, రెండేండ్ల ఇంటిపన్ను బకాయిల పట్టిక లేదు. దానిని డెస్కుటాపుపై దాచియుండిరి. "ముఖ్యమైనవి ఏమైన ఉన్నవా?" అని మెకానిక్కు అడిగినాడట. ఆ సమయమున అక్కడ నున్న వాచరు "ఏమీ లేవు" అని చెప్పినాడట. తరువాత కాగితపు రసీదు పుస్తకములను ముందు వేసుకొని, ఇంటి నంబరు వారీగ ఆ పట్టికను మరల వ్రాయుటకు వారముల కాలము పట్టినది. చెల్లించినవారిలో కొందరు రసీదు చూపలేకపోయిరి. వారికిని పంచాయతీకిని నడుమ కలిగిన మనస్పర్థలు ఇంకను పూర్తిగ తీరలేదు. యంత్రములో నిమిషములు మిగిలినవి, ఊరిలో నమ్మకము తరిగినది.

కావున తిరిగి స్థాపించుటకు మునుపు ఈ క్రింది పనులను కార్యదర్శి స్వయముగ చేయవలెను.

మొదటిది, పత్రముల నకలు. డెస్కుటాపు, డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, డి డ్రైవు, స్కానరు దాచు చోటు అన్నియు వెదకి రెండు నకళ్లు తీయవలెను. ఒకటి కార్యాలయపు బీరువాలోను, రెండవది వేరు చోటను ఉండవలెను. నకలు తీసినంత మాత్రమున చాలదు. మరియొక కంప్యూటరులో తెరచి, చదువుటకు వీలగుచున్నదో లేదో చూడవలెను.

రెండవది, తెలుగు ఫాంట్లు. పాత తీర్మానములు, నోటీసులు పెక్కు కార్యాలయములలో అను ఫాంట్లతో టైపు చేసియుందురు. ఆ ఫాంట్లు లేని యంత్రములో అవి చదువరాని గుర్తులుగ కనబడును. కావున ఆ ఫాంట్లను కూడ నకలు తీసికొనవలెను. ఇక ముందు వ్రాయు పత్రములను యూనికోడ్ తెలుగులో వ్రాసినచో ఏ యంత్రములోనైనను ఈ చిక్కు కలుగదు.

మూడవది, డిజిటల్ సంతకము. చెల్లింపులకు వాడు సంతకపు తాళము చిన్న డాంగిలు రూపమున నుండును. సంతకము ఆ డాంగిలులోనే భద్రముగ నుండును గాని, దానిని గుర్తించు డ్రైవరు అను సాఫ్టువేరును మరల చేర్చవలెను. దాని పేరు, రకము వ్రాసిపెట్టుకొనవలెను. ప్రింటరు, స్కానరు, వేలిముద్ర యంత్రములకు కూడ ఇంతే. ఇంటర్నెట్టు పరికరపు డ్రైవరును ముందుగనే పెన్ డ్రైవులో నుంచినచో తక్కినవానిని తరువాత తెచ్చుకొనవచ్చును.

నాల్గవది, సంకేతపదములు. బ్రౌజరు గుర్తుంచుకొనినది గదా యని వానిని మరచినవారు పెక్కుమంది. యంత్రము తుడిచిన పిమ్మట అవి యుండవు. ముందుగనే సరిచూచుకొని భద్రపరచుకొనవలెను.

ఐదవది, విండోసు లైసెన్సు. అసలైన లైసెన్సు గల యంత్రములో అదే రకపు విండోసును మరల స్థాపించినచో, ఇంటర్నెట్టు కలుపగనే అది తనంత గుర్తింపు పొందును. మదరుబోర్డు మార్చనంతవరకు మరల కొననవసరము లేదు. దొంగ నకలు విండోసును మాత్రము ప్రభుత్వ కార్యాలయమున వాడరాదు. అందులోనే వైరసు దాగియుండవచ్చును. ఊరి ధనము చెల్లించు యంత్రములో అట్టిదానికి చోటిచ్చుట ఖజానా తాళము పరులకిచ్చుటయే.

ఇవియన్నియు సిద్ధమైన పిమ్మట 8 గిగాబైట్లకు తక్కువగాని ఖాళీ పెన్ డ్రైవులో మైక్రోసాఫ్ట్ సంస్థ అధికారిక సాధనముతో విండోసును నింపి, దాని నుండి యంత్రమును ప్రారంభించి స్థాపించవలెను. పిమ్మట నవీకరణలు, డ్రైవర్లు, అవసరమైన సాఫ్టువేరు మాత్రమే చేర్చవలెను. విండోసుతో వచ్చు రక్షణ సాధనము ఒకటి చాలును, దానిపై మరియొక రెండు యాంటీవైరసులు వలదు. దినదిన వాడుకకు అడ్మినిస్ట్రేటరు అధికారము లేని వేరు ఖాతాను ఏర్పరచినచో పాత సామాను మరల పేరుకొనదు.

ఏ యంత్రమునకు ఈ వైద్యము తగును?

అన్ని పాత యంత్రములకును ఈ వ్యయము తగదు. విండోసు 7కు 2020 జనవరి 14తోను, విండోసు 10కి 2025 అక్టోబరు 14తోను సంస్థ యొక్క సాధారణ రక్షణ నవీకరణలు ముగిసినవి. రక్షణ లేని యంత్రముతో బ్యాంకు చెల్లింపులు చేయుట ప్రమాదకరము. కావున విండోసు 11ను స్వీకరింపగల యంత్రమా కాదా యని ముందు చూడవలెను. దానికి కనీసము 4 గిగాబైట్ల మెమరీ, 64 గిగాబైట్ల డిస్కు, టి.పి.యం. 2.0 అను భద్రతా ఏర్పాటు కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణముగ 8వ తరము మొదలు అంగీకరింపబడును. 2018, 2019 ప్రాంతముల కొన్న యంత్రములు పెక్కు ఈ కోవలోనివే. కొన్నింటిలో టి.పి.యం. ఉన్నను మూయబడియుండును, మెకానిక్కు దానిని తెరువగలడు.

అంతకంటె పాతవానికి లినక్సు అను ఉచిత వ్యవస్థ ఒక మార్గము. మన దేశములో సి-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ అనునది కూడ ఈ కుటుంబములోనిదే. ఉత్తరములు టైపు చేయుటకు, ఇంటర్నెట్టు చూచుటకు లినక్సు చక్కగ పనికి వచ్చును. అయితే సంతకపు డాంగిలు, వేలిముద్ర యంత్రము దానితో పని చేయునో లేదో పరీక్షింపక చెల్లింపుల యంత్రమునకు పెట్టరాదు. అట్టి పాత కంప్యూటరును గ్రంథాలయమునకో, పాఠశాలకో ఇచ్చి, అచట లినక్సుతో నడిపించుట మేలైన పని. మదరుబోర్డే పాడైనచో మాత్రము మెమరీపై ధనము పోయుట వ్యర్థము.

చిన్న లోపములు, పెద్ద చిక్కులు

కొన్ని చిక్కులకు క్రొత్త భాగములే అక్కరలేదు. వీధి ప్రక్కనున్న కార్యాలయములలో దుమ్ము చేరి ఫ్యాను తిరుగక, ప్రాసెసరు వేడెక్కును. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను రక్షించుకొనుటకై వేగము తగ్గించుకొనును. ఏటికి రెండుసార్లు పెట్టె విప్పి మెత్తని కుంచెతో దుమ్ము తీసినచో ఈ బాధ తప్పును.

మదరుబోర్డుపై రూపాయి బిళ్లంత బ్యాటరీ యొకటి యుండును. దాని రకము సి.ఆర్. 2032. యంత్రము ఆపియున్నపుడు గడియారమును నడుపునది అదియే. అది అయిపోయినచో కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల తేదీ వెనుకకు పోవును. తేదీ తప్పైనచో భద్రత గల వెబ్‌సైట్లు తెరచుకొనవు, డిజిటల్ సంతకము చెల్లదు. ఇంటర్నెట్టు పాడైనదని పలువురు భ్రమపడుదురు. నిజమునకు మార్చవలసినది ఆ చిన్న బ్యాటరీ మాత్రమే.

సభ్యుల కర్తవ్యము

సభ్యులు యంత్రమును విప్పనవసరము లేదు గాని, ప్రశ్నలు అడుగవలెను. టాస్క్ మేనేజరులో ఏమి కనబడినది? యంత్రము విండోసు 11ను స్వీకరించునా? వారంటీ ఇంకను ఉన్నదా? ఉన్నచో పెట్టె విప్పుటకు ముందు అమ్మినవారిని అడిగితిరా? నకళ్లు తీసి సరిచూచితిరా? సరిచూచినవారు ఎవరు? ఈ ప్రశ్నలకు సమాధానములను తీర్మానములో వ్రాయించవలెను. అమర్చిన భాగములను, తీసిన భాగములను స్టాకు రిజిస్టరులో నమోదు చేయవలెను. తీసిన మెమరీ పలకయైనను అది పంచాయతీ ఆస్తియే.

పాత డిస్కులో గ్రామస్థుల ఆధార్ వివరములు, బ్యాంకు ఖాతాలు, పన్ను లెక్కలు ఉండును. దానిని పూర్తిగ తుడిపింపక బయటికి పంపరాదు. 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. పనికిరాని భాగములను పాత ఇనుము కొనువారికి అమ్మక, అనుమతి పొందిన పునర్వినియోగ సంస్థలకు చేర్చుట విధి.

మేము చూచిన గ్రామములో ఈ విధముగనే జరిగినది. రెండు నకళ్లు తీసిరి, ప్రక్క పాఠశాల కంప్యూటరులో తెరచి చూచిరి. మరియొక 4 గిగాబైట్ల మెమరీ, ఒక ఎస్.ఎస్.డి. అమర్చి, విండోసు 11ను శుభ్రముగ స్థాపించిరి. క్రొత్త కంప్యూటరుకు వేసిన అంచనాలో మూడవ వంతునకు లోపే వ్యయమైనది. నేడు ఆ యంత్రము నిమిషము లోపే పనికి సిద్ధమగుచున్నది. ఆ వృద్ధురాలు నాలుగవసారి వచ్చినపుడు వరండాలో కూర్చుండనవసరము లేకపోయినది.

మిగిలిన ధనముతో ఏమి చేయవలెనని తరువాతి సమావేశమున చర్చ వచ్చినదట. ముందుగా ఒక యు.పి.ఎస్. కొని, కరెంటు పోయినపుడు వ్రాత చెరగకుండ చూడవలెనని తీర్మానించిరి. ఆ తీర్మానమును ప్రతిపాదించినది ఆ కందెన సంగతి అడిగిన సభ్యుడే. పంచాయతీ ధనము ప్రజల ధనము. క్రొత్తది కొనవలసినపుడు కొనుటకు వెనుదీయరాదు. కాని కొనుటకు మునుపు ఇరుసును ఒకసారి చూచుట ప్రతి సభ్యుని విధి.